రెండో కార్డు

"నాలుగు మానిటర్లు కావాలె. నాలుగిటికి బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి."

సతీశ్ మాటకు సిద్ధిరాములు తలెత్తి చూశాడు. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో అతనిది చిన్న కంప్యూటర్ షాపు.

2012, దసరా వెళ్లిన వారం. సతీశ్‌కు ఎల్లారెడ్డిలో సెల్‌ఫోన్ రీచార్జి దుకాణం ఉండేది. అది మూసేసి, ఇంట్లోనే కూర్చుని వెండి ట్రేడింగ్ చేద్దామని నిశ్చయించుకున్నాడు. అందుకోసం తల్లి లింగవ్వ పేరు మీదున్న రెండెకరాలు అమ్మించాడు.

"ఒకదాంట్ల వెండి, ఒకదాంట్ల బంగారం, ఒకదాంట్ల డాలరు, ఇంకోదాంట్ల నా సౌదాలు, నేను కొన్నయి అమ్మినయి. అన్నీ ఒక్కసారే కండ్ల ముందట ఉండాలె."

"ఒక్క కార్డు మీద నాలుగు పెట్టకు బిడ్డా."

ఆ మాట అన్నది సిద్ధిరాములు కాదు. మూలన స్టూలు మీద కూర్చున్న ముసలాయన. మాసిన తెల్లచొక్కా, భుజాన తువ్వాల.

"రెండు కార్డులు పెట్టుకో. ఒక్కోదానికి రెండు తగిలియ్యి. ఒక కార్డు పోయినా రెండు స్క్రీన్లు నడుస్తయ్. సౌదాల నుంచి బయట పడొచ్చు."

సతీశ్‌కు నవ్వొచ్చింది. "నీకెట్ల ఎరుక తాతా?"

ముసలాయన భుజాన తువ్వాల సర్దుకున్నాడు.

"పెద్దమనిషి చెప్పింది ఇనుండ్రి సారూ," అన్నాడు సిద్ధిరాములు మెల్లగా. "మీ కంప్యూటర్ బోర్డుకు రెండు కార్డులు పట్టే స్లాట్లు ఉన్నయ్ గద."

ఇద్దరూ ఒకే మాట అనేసరికి సతీశ్‌కు అనుమానం వచ్చింది.

"రెండో కార్డు అమ్మిస్తె నీకు కమీషన్ ఎంత తాతా?"

సిద్ధిరాములు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ముసలాయన మాత్రం లేచి, మానిటర్ల డబ్బాలు రెండేసి చొప్పున బస్సు దాకా మోశాడు.

"పండబెట్టకు, నిలబెట్టు. పండబెడితె అద్దం పలుగుతది," అని డబ్బాల నడుమ తన తువ్వాల మడిచి కుక్కాడు.

ఒక డబ్బా మీద పెన్నుతో పది అంకెలు వేశాడు.

"మాది ఎల్లారెడ్డి పక్క తండానే. ఎన్నడన్న ఆగిపోతె ఫోన్ చెయ్యి. నా దగ్గర ఒక కార్డున్నది. సైకిలేసుకొని పావుగంటల వస్త, నేను లేకుంటె మా ఇంటోళ్లను పంపుత."

బస్సు కదిలాక సతీశ్ పక్కవాడితో అన్నాడు. "సూశినవా, ఇంటి దాక వచ్చి అమ్ముతడట!"

వారం తిరక్కుండానే ఆ డబ్బాలు పాతసామాన్ల బండి ఎక్కాయి.

నాలుగు స్క్రీన్లు వెలిగిన ఇంటికి ఊళ్లోవాళ్లు వచ్చి చూసిపోయేవాళ్లు. భార్య తార బీడీలు చుడుతూ అప్పుడప్పుడూ ఆ ఎర్ర, ఆకుపచ్చ గీతలకేసి చూసేది. ఆర్నెల్లు బాగానే గడిచింది.

ఏప్రిల్‌లో ఒక సోమవారం వెండి కూలింది.

పొద్దుటి నుంచే కిందికి జారుతోంది. సతీశ్ కొని పెట్టిన సౌదాలన్నీ ధర పెరుగుతుందన్న ఆశతో కొన్నవే. ఇక అమ్మేద్దామని చెయ్యి మౌసు మీద పెట్టాడు.

నాలుగు స్క్రీన్లూ ఒక్కసారే నల్లబడ్డాయి.

"కరెంటు పోయిందా?" అన్నాడు.

"ఫ్యాను తిరుగుతనే ఉన్నది గద," అంది తార.

వైర్లు పీకాడు. పెట్టాడు. కార్డు కాలిపోతోంది. దాని ఫ్యాను దుమ్ము పట్టి బిగుసుకుపోయింది.

బ్రోకరుకు ఫోన్ చేశాడు. ఎంతసేపు చేసినా ఎంగేజే. ఆ పూట అందరూ ఆయనకే చేస్తున్నారు.

"కామారెడ్డిల ముసలాయన నంబరు రాసిచ్చిండు అంటివి గద!" అంది తార.

ఆ నంబరున్న డబ్బా ఎప్పుడో పాతసామాన్లలో పోయింది.

నెట్ సెంటరుకు ఉరికాడు. ఆ గల్లీలో కరెంటు కోత. మరో చోట కంప్యూటరు దొరికేసరికి గంట దాటింది. అప్పటికి నష్టం పెరిగి, బ్రోకరే అతని సౌదాలన్నీ వచ్చిన ధరకు అమ్మి తెగ్గొట్టేశాడు. చేను అమ్మిన డబ్బంతా పోయింది.

ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఆ వానాకాలం లింగవ్వ తానమ్మిన చేలోకే నాట్లకు కూలికి పోయింది.

జూలైలో సతీశ్ నాలుగు మానిటర్లూ తెచ్చి సిద్ధిరాములు బల్ల మీద పెట్టాడు.

"ఎంతకన్నా తీస్కో అన్నా."

మూల ఖాళీగా ఉంది.

"ఆ పెద్దమనిషి ఏడి? నేనొక మాటన్న. తప్పయిందని చెప్పాలె."

"బాబూలాల్ పోయిన నెల చచ్చిపోయిండు సారూ. ఒళ్లు కాలెటట్టు జరమొచ్చె. మూడు రోజులే."

సతీశ్ అక్కడే కూర్చుండిపోయాడు.

"మీ దగ్గర పని చేసెటోడా?"

"నా దగ్గర చాయ్ గూడ తాగకపోయెటోడు. రోజూ తొలి బస్సుకు వచ్చెటోడు, ఆఖరి బస్సుకు పోయెటోడు. కార్డుల పేర్లు అడిగి అడిగి నేర్సుకున్నడు. నాలుగు స్క్రీన్లు అడిగెటోళ్లు నెలకొకరో ఇద్దరో. వాళ్లకు ఆ ఒక్క మాట చెప్పెటందుకే వచ్చెటోడు."

"ఎందుకన్నా?"

సిద్ధిరాములు మానిటరు మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"మూడేండ్ల కింద ఆయన బిడ్డ భూమిక గిట్లనే నా దగ్గర నాలుగు స్క్రీన్లు, ఒక్క కార్డు కొన్నది. తండాల డిగ్రీ చదివిన మొదటి పిల్ల. ఒకనాడు నాలుగు ఒక్కసారే ఆగిపోయినయ్. తండావోళ్లందరి పైసలు ఆమె సౌదాలల్ల ఉండె. తెల్లారి పోచారం డ్యాం నీళ్లల్ల పీనుగై దొరికింది."

బయట నిజామాబాద్ బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. సిద్ధిరాములు గొంతు తగ్గించి అన్నాడు.

"ఒక్క కార్డు చాలమ్మా అని ఆ పిల్లకు చెప్పింది నేనే, అది ఎరుకుండి గూడ, ఆయన మూడేండ్లు నా ఎదుట కూసొని నన్ను ఒక్క మాట అనలేదు సారూ."