అంకె మార్చిన మర్నాడు

“నేను కొట్టేలోపే బంతి దాటిపోయిందంటోంది. ఇది కంప్యూటరా, మొద్దా?” టైలరు మౌసును విసుగ్గా పక్కకి నెట్టాడు.

తెరమీద టేబుల్ టెన్నిస్ ఆట. అవతల వీధి చివరి ఇంట్లోంచి ఆడుతున్నది ఆయన బావమరిది. వారంగా ఒక్క ఆటా గెలవలేక, టైలరు రిపేరు అమ్మాయిని పిలిపించాడు.

ఆమె లైను పరీక్షించింది. ఏ లోపమూ లేదు. లోపం ఎక్కడుందో ఆయన ఆడుతుంటే తెలిసింది. పక్షవాతం నుంచి కోలుకుంటున్న కుడిచెయ్యి కదిలేసరికే బంతి వెళ్లిపోతోంది. వెనక నిలబడ్డ ఆయన భార్య, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

అమ్మాయి కంప్యూటరు లోపలి అమరికలుండే విండోస్ రిజిస్ట్రీ తెరిచింది. “అటునుంచి ఆట సమాచారం రెండు ముక్కలు వచ్చేదాకా ఆగి, అప్పుడు గానీ ‘అందింది’ అని కబురు పెట్టట్లేదు బాబాయ్ మీ కంప్యూటరు. ఇకనుంచి ఒక్కో ముక్కకీ వెంటనే చెప్పేలా ఈ అంకె మారుస్తున్నా.”

“విన్నావా? నా చెయ్యి బాగానే ఉందంటే నమ్మవు” అన్నాడాయన భార్యతో.

కంప్యూటరు ఆపి మళ్లీ వేశారు. టైలరు ఆడాడు. మళ్లీ ఓడిపోయాడు. కాసేపు తన వేళ్లకేసే చూస్తూ కూర్చున్నాడు.

“అయితే తేడా నాలోనే ఉందేమోనమ్మా.”

“అబ్బే, ఇలాంటి మార్పు మర్నాటికి గానీ పట్టదు బాబాయ్. రేపు నా ముందే ఆడండి” అనేసి అమ్మాయి గబగబా సంచీ సర్దుకుంది.

మర్నాడు ఆమె వచ్చేసరికి ఆట నడుస్తోంది. మొదటి పాయింట్లు పోయాయి. తర్వాత ఒక బంతి తగిలింది. ఇంకొకటి. చివరికి గెలిచింది టైలరే. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “ఆ ఫోనిలా ఇవ్వు. వాడి గొంతు వినాలి” అన్నాడు.

గుమ్మం దగ్గర ఆయన భార్య అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

“నువ్వు మార్చిన అంకె నిజంగానే పనిచేసిందా?”

“మీ కంప్యూటర్లో దాన్ని తగ్గించినందువల్ల రెప్పపాటంత తేడా కూడా రాదు పిన్నీ.”

“మరి ఎలా గెలిచారు? మా తమ్ముడు మొండిఘటం. కాస్త చూసి ఆడరా అని బతిమాలితే, ఆటంటే ఆటే అన్నాడు.”

“నిన్న నేను వెళుతుంటే మీ తమ్ముడే దారిలో ఆపారు పిన్నీ. కావాలని ఓడితే బావ ఇట్టే కనిపెట్టేస్తాడని, తన కంప్యూటర్లో ఆ అంకెని బాగా పెంచి, బంతి తనకి ఆలస్యంగా అందేలా మార్పించుకున్నారు.”