గొంతుబండ దారి

"గజ్జెలు," అంది తాయమ్మ.

ఎల్లప్ప సైకిల్ బ్రేకు బిగించి నిలబడ్డాడు. కింద, మలుపు అవతల నుంచి గల్లుగల్లున చప్పుడు పైకి వస్తోంది. దొర గుర్రం.

"ఇప్పుడే రావల్నా ఆ పాడు గుర్రం," అన్నాడు గొణుగుతూ.

తాయమ్మ అతని పెళ్ళాం. రోజూ బొగ్గు మూట కట్టే క్యారియర్ మీద ఈరోజు తను కూర్చొని ఉంది. కొండ మీద చీపురు గడ్డి కోస్తుంటే రక్తపింజర కాటేసింది. మోకాలి కింద కొంగు చించి కట్టారు. ఆ కట్టుకు కింద కాలు గుమ్మడికాయలా ఉబ్బింది. తిరుపతి పెద్దాసుపత్రికి పోవాలంటే కొండ కింద రోడ్డు మీద సాయంత్రం బస్సు ఒక్కటే దిక్కు. అది తప్పితే మళ్ళీ తెల్లారే. రక్తపింజర విషం తెల్లారేదాకా ఆగదు.

రోడ్డుకు పోవాలంటే గొంతుబండ దాటాలి. ఒక పక్క నిలువు బండ, ఇంకో పక్క లోయ. నడిచేవాళ్ళకూ, బొగ్గు సైకిళ్ళకూ, కొండ మీద బంగళాకు పోయే దొర గుర్రానికీ అదే దారి. అది దొర తాతముత్తాతల సొత్తేమీ కాదు. కరువు పనికి వచ్చిన కూలీలు రాళ్ళు మోసి వేసిన దారి. ఎల్లప్ప తల్లి కూడా మోసింది. అయినా రెండేళ్ళుగా అక్కడ దొర చెప్పిందే చట్టం. అంతకుముందు లేని గజ్జెలు గుర్రం మెడకు కట్టించాడు. అవి వినబడితే ఎవరూ ఇరుకులోకి దిగకూడదు. ఈ చివరే తల వంచుకొని నిలబడి, పేరు చెప్పి, దండాలు దొరా అని అరవాలి. రోజూ ఎదురుపడేవాడైనా సరే, రోజూ పేరు చెప్పాల్సిందే. పొగరు ముదిరితే ఇలాగే ఉంటుంది.

"గట్టిగా అరువయ్యా," అంది తాయమ్మ. "పేర్లు చెప్పి ఈడే నిలబడుకుందాం. ఆయప్ప పొయ్యినాక పోదాం."

"ఆయప్ప నడిమధ్యలో గుర్రాన్ని నిలబెట్టి చుట్ట కాలస్తాడు. అందాకా బస్సు మనకోసరం కాసుకోని ఉంటాదా?"

"మునస్వామన్న సంగతి మర్సిపోతివా?"

ఎలా మరిచిపోతాడు. మునస్వామి మొండివాడు. నా పేరు మా నాయన పెట్టింది, ఈయనకు అప్పజెప్పేదానికి కాదు అంటూ, చెప్పుల్లేని కాళ్ళతో చప్పుడు చెయ్యకుండా ఇరుకులోకి నడిచాడు. ఎదురుగా మనిషిని చూసి గుర్రం బెదిరింది. దొర పిచ్చిపట్టినట్టు కొరడా విసిరాడు. సగం దెబ్బలు బండకే తగిలాయి. మిగిలిన సగానికే మునస్వామి భుజం చీలిపోయింది. ఊళ్ళో ఒక్కడూ కిక్కురుమనలేదు. మర్నాటి నుంచి ఇంకా గట్టిగా అరిచి పేర్లు చెప్పారు. భయం అంత బాగా పనిచేస్తుంది.

"బండనే ఇడిసిపెట్టనోడు మనల్ని ఇడస్తాడా?" అంది తాయమ్మ. అని పక్కకు తిరిగి ఉమ్మింది.

ఉమ్ములో నెత్తుటి జీర.

ఎల్లప్ప దాన్ని చూశాడు. తను చూసినట్టు తాయమ్మకు తెలియనివ్వలేదు.

"సొక్కా గట్టిగా పట్టుకో," అన్నాడు. "నడిమధ్యలో బండ లోపలికి పొయ్యిండే సోటు ఉండాది గదా, మనమే ముందు ఆడికి సేరితే పక్కకు ఒదుక్కోవచ్చు."

"పేరు?"

"చెప్తే ఎనక్కి పొమ్మంటాడు. నువ్వు నోరు తెరవాకు."

సైకిల్‌ను ఇరుకులోకి తోశాడు. అతను అడుగు తీసి అడుగు వేస్తుంటే గజ్జెలు దగ్గరవుతున్నాయి. వెనక తాయమ్మ పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. అది విషం వల్లో భయం వల్లో అతనికి అర్థం కాలేదు.

గుర్రమే ముందు చేరింది. అలవాటు కొద్దీ బండలోపలికి ఒదిగి నిలబడింది. దొర జీను మీద కూర్చొని చుట్ట పీలుస్తున్నాడు. ఒళ్ళో కొరడా. గుర్రానికీ లోయకూ మధ్య సైకిల్ పట్టేంత సందు ఉంది.

ఎల్లప్ప తల ఎత్తలేదు. ఆ ముఖం కేసి చూసే అలవాటు ఊళ్ళో ఎవరికీ లేదు. గుర్రం గిట్టలే చూస్తూ నడిచాడు. ఊపిరి బిగపట్టాడు. కానీ సైకిల్ చక్రానికి ఆ తెలివి లేదు. టిక్కు టిక్కుమంటూ తిరిగింది.

"ఎవురది?" అన్నాడు దొర.

ఎల్లప్ప నడక ఆపలేదు. తాయమ్మ అతని వీపులో ముఖం దాచుకుంది.

"ఎవురని అడగతా ఉండా."

వెనక చక్రం అంచు మీదికి జారింది. ఒక రాయి ఊడి లోయలో దొర్లుకుంటూ పోయింది. కొరడా పైకి లేచింది. దాని నీడ ఎల్లప్ప చేతుల మీద పడింది. బలమంతా తెచ్చుకొని హ్యాండిల్ బండ వైపు గుంజాడు. అతని భుజం దొర చెప్పుకు రాసుకుంది. ఇంక అయిపోయింది అనుకున్నాడు.

కొరడా దిగలేదు.

గుర్రాన్ని దాటారు. వీపు మీద ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అనుకుంటూనే తోశాడు. పడలేదు. దారి వెడల్పయింది. కింద రోడ్డు మీద బస్సు నిలబడే ఉంది. కండక్టరు పైకెక్కి బొగ్గు మూటలు సర్దుతున్నాడు.

"పోలేదే, బస్సు ఉండాది," అన్నాడు ఎల్లప్ప.

అప్పుడు వెనక గజ్జెలు కదిలాయి.

"తిరిగి సూడాకయ్యా," అంది తాయమ్మ. "నీకు దండం పెడతా."

అతను చూశాడు. దొర గుర్రం మీదే ఉన్నాడు. ఎత్తిన కొరడా ఎత్తినట్టే ఉంది. ముఖం మాత్రం వీళ్ళ వైపు లేదు, ఖాళీ లోయ వైపు ఉంది. లోయలోకే మాట్లాడుతున్నట్టు, ఎన్నడూ వినని చిన్న గొంతుతో అన్నాడు.

"పేరు చెప్పప్పా, నాకు కండ్లు కనపడవు."