ఐదు స్విచ్‌లు

ఆదివారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, కంప్యూటర్ రిపేరు షాపు పైగదిలో, ముక్కూ మొహం తెలియని ఓ పెద్దాయన ఆమె కొత్త కీబోర్డు బటన్ల కింద ఉండే స్విచ్‌లు ఐదు పీకేశాడు.

ఆమె ఇంకా సరే అనలేదు.

టీవీలో సాయంత్రం ఐదు గంటల వార్తల కింద అక్షరాలు కొట్టడం ఆమె ఉద్యోగం. వార్తలు చదువుతుంటే విని, అప్పటికప్పుడు తెర మీద వేయాలి. పదకొండేళ్లుగా అదే పని.

ఆరు వారాలుగా కుడి చిటికెన వేలు మాట వినడం లేదు. ఆ వేలి కిందకు వచ్చే చ, ట, జ లాంటి అక్షరాల్లో ఒకటి పడదు, ఇంకొకటి రెండుసార్లు పడుతుంది.

మంగళవారం పరీక్ష పెడతామని ఆఫీసులో చెప్పారు. పది నిమిషాల్లో ఐదు తప్పులు దాటితే ఆ పని సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తారు.

తప్పు వేలిదని ఆమె ఎవరికీ చెప్పలేదు. నెపం పాత కీబోర్డు మీదకు నెట్టి కొత్తది కొన్నది. ఎనిమిది కోట్ల నొక్కుళ్లకు హామీ, మెరుపు వేగం, కోటి అరవై ఎనిమిది లక్షల రంగులు అని డబ్బా మీద రాసి ఉంది. రెండు రోజులు వాడేసరికి నొప్పి మోచేతిదాకా పాకింది.

"గేమింగ్ కీబోర్డు కొన్నావా వదినా? ఎవరిని కాల్చడానికి?" అన్నాడు మరిది.

అతనికి కీబోర్డుల పిచ్చి. అలాంటి వాళ్లంతా నెలకోసారి ఆ పైగదిలో చేరతారు. ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు.

గదిలో పద్నాలుగు మంది, ఇరవై రెండు కీబోర్డులు. నొక్కితే నున్నగా దిగేదే స్విచ్ అని ఒక జట్టు. దారిలో చిన్న గతుకు తగలాలని ఇంకో జట్టు. టకటకమని మోగకపోతే అది కీబోర్డే కాదని మరిది జట్టు.

ఒకరు కళ్లు మూసుకుని వినమన్నారు. ఇంకొకరు అడుగున నురుగు అట్ట వేస్తే శబ్దం గుండ్రంగా వస్తుందన్నారు. ఆమె డబ్బా మీది ఎనిమిది కోట్ల దగ్గర మాత్రం అందరూ ఒక్కటై నవ్వారు. అది యంత్రం నొక్కిన లెక్క అని, మనిషి వేలును ఆ పరీక్షకు ఎవరూ కూర్చోబెట్టలేదని షాపు యజమాని చెప్పాడు.

పెద్దాయన చివరి బల్ల దగ్గర కూర్చున్నాడు. రావడం అదే మొదటిసారి. ఒకప్పుడు టైపు మిషన్లు బాగుచేసేవాడట. ఏ జట్టులోనూ చేరలేదు.

మరిది తన కీబోర్డు ఆయన ముందు పెట్టి, మోత ఎలా ఉందని అడిగాడు.

"మోతతో నాకు పని లేదు" అన్నాడాయన.

తర్వాత ఇద్దరు ముగ్గురు వెనకనుంచి పలకరించారు. తిరిగి చూడలేదు. నోరు విప్పితే ముత్యాలు రాలతాయని భయమేమోనని మరిది గొణిగాడు.

ఆమె తన కీబోర్డు మీద నాలుగు మాటలు కొట్టి చూపిస్తుండగా ఆయన లేచి వచ్చాడు. బల్ల మీద అరచెయ్యి ఆనించి, ఆమె వేళ్లనే చూశాడు.

"ఆ వేలు ఎన్నాళ్లుగా?"

"ఏ వేలండీ?"

"మీరు దాస్తున్నది."

ఆమె మరిది వైపు చూసి, కొన్నాళ్లుగా అని ఒప్పుకుంది.

ఏం కొడతారని ఆయన అడిగాడు. ఆఫీసులో టైపింగ్ అని చెప్పింది. వివరం చెబితే ఎవరికీ అర్థం కాదని ఎప్పుడూ అంతవరకే చెబుతుంది.

ఆయన చిన్న పట్టకారుతో కుడి చివర ఐదు బటన్లు ఊడదీశాడు. కింది స్విచ్‌లు పీకాడు. జేబులోంచి రేకు డబ్బా తీసి, మూత తెరిచి, మళ్లీ సగం మూసి, ఆమె వేలి వైపు చూశాడు. తర్వాత అందులోని ఐదు స్విచ్‌లను ఖాళీల్లో నొక్కాడు.

"స్ప్రింగులు మార్చాను. మామూలు వాటిలో సగం బలం చాలు. అడుగుదాకా గుద్దకండి. సగం దిగేసరికే అక్షరం పడుతుంది, వదిలేయండి."

ఖాళీ డబ్బా జేబులో వేసుకుని మెట్ల వైపు నడిచాడు. ఆమె వెనకనుంచి రెండుసార్లు థాంక్సండీ అంది. ఆగలేదు, తలైనా ఊపలేదు.

ఆమె మనసు చివుక్కుమంది. సాయం కూడా మొహం గంటు పెట్టుకునే చెయ్యాలా అని దారంతా మరిదితో అంటూనే వచ్చింది.

మంగళవారం పరీక్షలో మూడు తప్పులు పడ్డాయి. ఉద్యోగం నిలిచింది.

నెల తిరిగాక ఆదివారం నాడు మరిదిని ఆమే తొందరపెట్టి బయల్దేరదీసింది. ఈసారి ఆయన ఎదురుగా నిలబడి చెప్పాలనుకుంది.

చివరి బల్ల దగ్గర ఎవరూ లేరు.

"ఆయన ఊళ్లో లేరక్కా" అన్నాడు షాపు యజమాని. మీరొచ్చి వెళ్లిన మర్నాడే ఇల్లు ఖాళీ చేసి తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయారని చెప్పాడు. ఏ ఊరో అడగలేదట. ఫోన్ వాడరట.

"ఒక్క మాట చెబుదామని వచ్చాను" అంది ఆమె.

"నాకూ మీతో ఒక పనుంది. పోతూ పోతూ ఒక పొట్లం ఇచ్చారు. టైపు చేసేవాళ్లెవరికో అందజెయ్యమన్నారు, వివరం లోపల రాశానన్నారు. సొరుగులో పడేసి మర్చేపోయాను. మీదీ టైపింగే కదా, ఎవరో మీకేమైనా తెలుస్తుందేమో చూడండి."

ఆమె పొట్లం విప్పింది. ఐదు స్విచ్‌లు, మడతపెట్టిన కాగితం. పైన ఆ సోమవారం తేదీ ఉంది. మరిది పక్కన నిలబడి చదివాడు.

"ఐదు గంటల వార్తల కింద అక్షరాలు కొట్టేవారికి.

నాకు చెవులు వినపడవు. పదకొండేళ్లుగా లోకం సంగతులన్నీ మీ వేళ్లే నాకు చెబుతున్నాయి. మీ మేలు మరువను. పడకుండా పోతున్న అక్షరాలను బట్టి మీ కుడి చిటికెన వేలికి నొప్పి అనుకుంటున్నాను. ఇవి బిగించుకోండి.

మొదట మీకోసం చేసిన ఐదింటినీ, అదే వేలు నొప్పితో వచ్చిన ఇంకొకామెకు నిన్న ఇచ్చేశాను, ఈ ఒక్కరోజు ఆలస్యానికి మన్నించండి."