ఒక్క మనిషి వంట

గిన్నె మూత తీసి చూసి హేమశ్రీ తల పట్టుకుంది.

"ఇంత అన్నం ఎవరికి?"

"నాకే మేడం," అంది జయాబాయి, తడిచేతులు తుడుచుకుంటూ.

"పెండ్లికి వండినట్టు వండినవేంది? ఒక్కదానివి గద నువ్వు!"

"ఏం చెయ్యాలె? ఎన్నడన్న ఒక్కదానికి వండుకుంటినా? బియ్యంల చెయ్యి పెడితె అందరు యాదికొస్తరు."

రాయచూరులోని ఆ ఆడపిల్లల హోంకు హేమశ్రీ సూపరింటెండెంటు. వయసు నిండి హోం విడిచేవాళ్ళను ఆఖరి వారం వెనక గదిలో ఒంటరిగా ఉంచాలన్న పద్ధతి ఆమె పెట్టిందే. వాళ్ళ వంట వాళ్ళే వండుకోవాలి, వాళ్ళ తాళం వాళ్ళే వేసుకోవాలి. బయటి బతుకు ఎలా ఉంటుందో గేటు లోపల ఉండగానే కాస్త తెలియాలని ఆమె ఆలోచన. చాలామంది రెండో రోజుకే అలవాటు పడ్డారు. జయాబాయితోనే వచ్చింది తంటా అంతా.

"రాత్రి మళ్ళ తలుపు తీసి పడుకున్నవంట. వాచ్‌మన్ తిప్పన్న చెప్పిండు."

"గడియ పెడితె నాకు ఊపిరాడదు. పెద్ద హాల్ల గడియ పెట్టొద్దని మీరే అంటరు గద."

"అది హోం. రేపు శక్తినగర్‌ల గిట్ల పడుకుంటె ఎవడన్న లోపలికి జొరబడితె?"

"తలుపేసుకుంటె, చిన్నపిల్లలు ఏడిస్తె ఎట్ల ఇనబడతది మేడం?"

"ఆడ చిన్నపిల్లలు ఎవరుంటరు చెప్పు?"

 జయాబాయి నేల మీద లేని చెత్తను చీపురుతో ఊడవడం మొదలుపెట్టింది.

శక్తినగర్‌లో, కరెంటు ప్లాంటు కాలనీ దగ్గర, సుంకవ్వ అనే ఆమె ఇంట్లో గది మాట్లాడింది హేమశ్రీ. అక్కడి క్యాంటీన్‌లో కూరగాయలు తరిగే పని కూడా నలుగురిని బతిమాలి తనే ఖాయం చేసింది. ప్రయాణం రేపు పొద్దున్నే.

"ఆడ రాత్రంత మిషన్లు మొత్తుకుంటయంట," అంది జయాబాయి.

"మంచిదే గద! నీకు చప్పుడు లేకుంటె నిద్ర పట్టదు."

జయాబాయి నవ్వలేదు. చీపురు పక్కన పడేసి దగ్గరికి వచ్చింది.

"మేడం, నన్ను ఈడనే ఉంచుకోండ్రి. వంటింట్ల ఏదో మూలకు పడి ఉంటా. నేను జడ ఎయ్యకుంటె శృతి బడికి గూడ పోదు. బయట నాకెవరున్నరు? ఎవరన్న ఉంటె ఈ గేటు లోపలికి ఎందుకొస్తుంటి?"

 హేమశ్రీ మాట గట్టిగానే వచ్చింది.

"నీకొక్కదానికే బాధనా? పోయినేడు రశ్మిని వయసు నిండినాక గూడ ఉంచుకుంటె ఏమైంది? ఎవరో అర్జీ పెట్టిరి. హోం మూసేస్తమని పైనోళ్ళు వచ్చి బెదిరించిపోయిరి. మూస్తె ఈ పిల్లలందరు యాడికి పోవాలె? నా ఇంట్ల పెట్టుకుందామంటె నా క్వార్టరు గూడ గేటు లోపలనే ఉన్నది. లెక్కల లేని మనిషి ఒక్క రాత్రి గూడ ఉండొద్దంటరు. జిద్దు చెయ్యకు."

"జిద్దు కాదు. భయమైతుంది."

 హేమశ్రీ కింద కూర్చుని, బియ్యం డబ్బా దగ్గరికి లాక్కుంది.

"ఇట్ల రా. ఈ చిన్న గ్లాసుతోటి ఒక్కటే. నీళ్ళు రెండు. చూసినవా?"

"గింతేనా? గింత తిని మనిషి బతుకుతడా?"

"బతకాలె."

ఇద్దరూ పొయ్యి ముందు కూర్చుని ఆ గుప్పెడు అన్నం ఉడికేదాకా చూశారు. హేమశ్రీ మెల్లగా అంది. "ఈడ మనిద్దరమే ఉన్నం. ఇప్పుడన్న మేడం అనకు."

"అందరు అంటరు, నేను అనొద్దా? ఆ కుర్చీల కూసున్నరు గద. నాకు గట్లనే ఇష్టం."

మర్నాడు పొద్దున పిల్లలంతా గేటు దాకా వచ్చారు. శృతి జయాబాయి నడుము చుట్టేసుకుని వదల్లేదు. ఇద్దరు పట్టుకుని లాగాల్సి వచ్చింది. జయాబాయి ట్రంకు పెట్టెను హేమశ్రీ తనే మోసి, హనుమయ్య ఆటోలో పెట్టింది. ఆఫీసులో పని కుప్పగా ఉన్నా బస్టాండు దాకా తనూ వెళ్ళింది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది.

"దిగంగనే సుంకవ్వ నిలబడి ఉంటది. గడియ మరువకు. బియ్యం ఒక్క గ్లాసే."

"సరే."

"ఆదివారం వస్తా నేను."

"అందరు గిట్లనే అంటరు మేడం. ఇన్నేండ్లల్ల ఎంతమంది పోయిరి, ఎవరన్న మళ్ళ వచ్చిరా?"

"నేనొస్తా. ఒట్టు."

జయాబాయి కిటికీలోంచి చెయ్యి చాపి హేమశ్రీ చెంప తడిమింది. బస్సు కదిలేసరికి ఆ చెయ్యి జారిపోయింది.

ఆటోలోకి వచ్చి కూర్చోగానే హేమశ్రీకి ఏడుపు ఆగలేదు. పైకే వెక్కి వెక్కి ఏడ్చింది. హనుమయ్య బండి స్టార్ట్ చేయబోయి మానేసి వెనక్కి తిరిగాడు.

"ఏందమ్మా ఇది? హోం నుంచి పోయేటోళ్ళందరిని నా ఆటోలనే పంపితిరి. ఒక్కనాడు గూడ మీ కండ్లల్ల నీళ్ళు చూడలే. ఈమె మీకేమైతది?"

హేమశ్రీ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పసిగుడ్డప్పుడు హోం గేటు ముందర పడేసిన నన్ను ఎత్తుకొని పెంచిన ఆయా, హనుమయ్యా."