రెండేళ్ళ నూనె

పక్కింటి హోకన్ కారు మాట ఎత్తితే చాలు, ఎవర్ట్‌కి చిర్రెత్తుకొస్తుంది.

"వాడు మనిషేనా అసలు!" అన్నాడు కాఫీ కప్పు బల్లమీద ఠక్కున పెట్టి. "టర్బో బండికి రెండేళ్ళకోసారి ఆయిల్ మారుస్తాడట. అదీ డాష్‌బోర్డులో లైటు వెలిగి మొత్తుకుంటే! ఛీ!"

కూతురు మలిన్ బన్ను తుంచుకుంటూ నవ్వింది. ఈ తిట్లు ఆమెకు కొత్త కాదు. ఎవర్ట్ ట్రోల్‌హెట్టన్‌లో ఒక కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు ఇంజన్లు పరీక్షించి రిటైరైన మనిషి. తన కారుకి ఆర్నెల్లు తిరక్కుండా షెడ్డులో తనే ఆయిల్ మారుస్తాడు. పాత నూనె డబ్బాల్లో పోసి మున్సిపాలిటీ చెత్త కేంద్రంలో అప్పగించి వస్తాడు. "ఒక్క కారుకి ఇన్ని డబ్బాలేంటి తాతా?" అని అక్కడివాళ్ళు ఆటపట్టిస్తే, "శుభ్రం తెలిసినవాడికి ఇంతే అవుతుంది" అని కసురుతాడు.

"ఒక్క కారేనా? వాడి బతుకంతా అంతే," ఎవర్ట్ ఆగలేదు. "ఏప్రిల్లో ఈస్టర్‌కోసారి, అక్టోబరులోసారి రైలెక్కి, విమానమెక్కి, దీవుల్లో ఎండ కాగడానికి పోతాడు. తాళాల గుత్తి నా మొహాన కొడతాడు. వాడి వంటింట్లో ఆ ఎండుమొహం పూలమొక్కకి నేను నీళ్ళు పొయ్యాలి! ఆ గిన్నెలు, ఆ జిడ్డు... రెండు రోజులు అన్నం సయించదు నాకు."

"ఒక్క కుండీకి నీళ్ళు పొయ్యడానికి పూటంతా ఎందుకు పడుతుందో మరి," అంది భార్య గున్వోర్, అల్లికలోంచి తలెత్తకుండా.

మలిన్ బన్ను పక్కన పెట్టింది. "నాన్నా, హోకన్ బాబాయ్ కరెంటు కారు కొంటున్నాడు. ఈ టర్బో కారు నాకు తక్కువ ధరకి ఇస్తానన్నాడు."

ఎవర్ట్ మళ్ళీ కాఫీ కప్పు అందుకున్నాడు.

మలిన్ జిల్లా నర్సు. సరస్సు చుట్టూ పల్లెల్లో ముసలివాళ్ళ ఇళ్ళకి తిరిగి మందులిచ్చే పని. ఆమె పాత కారు పోయినవారమే చచ్చింది. కారు లేకపోతే ఉద్యోగం లేనట్టే. ఇప్పుడు కొనే కారు మధ్యలో మొరాయిస్తే ఇంకోటి కొనే స్తోమత లేదు.

"ఇంజను పాడైపోయి ఉంటుందంటావా?" భయంగా అడిగింది.

"ఇంజను గురించి నేనేమీ అనలేదు," గొణిగాడు ఎవర్ట్. "మనిషి గురించి అంటున్నాను."

మర్నాడు నలుగురూ కారు చుట్టూ చేరారు. నాలుగో మనిషి పెర్నిల్లా, వర్క్‌షాపు నుంచి మలిన్ పిలిపించిన మెకానిక్. ఆమె పరికరాలు సర్దుకునేలోపే ముసలాళ్ళిద్దరూ తగులుకున్నారు.

"ఆ టర్బోలో చక్రం నిమిషానికి లక్షసార్లు తిరుగుతుందిరా, దద్దమ్మా!" అన్నాడు ఎవర్ట్. "దాన్ని కాపాడేది పలచటి నూనె పొర. ఆ వేడికి నూనె కాలి తారయిపోతుంది. అదే నూనెలో రెండేళ్ళు చేపలు వేయించుకుని తింటావా?"

"నేను కారుని తిననుగా!" హోకన్ పొట్ట ఊగేలా నవ్వాడు. ఆ చొక్కామీద నిన్నటి ఆవపచ్చడి మరక ఇంకా ఉంది. ఎవర్ట్ మొహం తిప్పుకున్నాడు.

పెర్నిల్లా ఆయిల్ మూత తీసింది. లోపలికి సన్నటి కెమెరా దించింది. ఫోనులో బొమ్మ చూసింది. మళ్ళీ చూసింది.

"రెండున్నర లక్షల కిలోమీటర్లు తిరిగిందన్నారు కదూ?"

"అవును," అంది మలిన్.

"మసి లేదు, మడ్డి లేదు. టర్బో కూడా బ్రహ్మాండంగా ఉంది. ఇంత శుభ్రమైన ఇంజను ఈ మధ్య నేను చూళ్ళేదు. కళ్ళు మూసుకుని తీసుకోండి."

"విన్నావా!" హోకన్ వీధంతా వినపడేలా అరిచాడు. "రెండేళ్ళ నూనె! ఈ ముసలోడు ఆర్నెల్లకోసారి నేలమీద పడి దొర్లుతాడు. నేనేమో హాయిగా ఎండలో పడుకుంటాను. ఎవడిదయ్యా తెలివి?"

పులిసిన చేపల డబ్బా మూత తీసినప్పుడు పెట్టే మొహం పెట్టాడు ఎవర్ట్. ఏదో అనబోయి, మింగేశాడు. ఇన్నేళ్ళ వాదన నడివీధిలో ఓడిపోయాడు. హోకన్ జిడ్డు చెయ్యి వచ్చి అతని భుజం తట్టింది. జేబురుమాలు తీసి చొక్కా తుడుచుకున్నాడు.

కాగితాల మీద సంతకాలయ్యాయి. హోకన్ ఈలవేసుకుంటూ వెళ్ళిపోయాడు. మలిన్ కొత్త తాళం వేలికి తిప్పుకుంటూ తండ్రి పక్కన నిలబడింది.

"నాన్నా, నేనూ ఇక హోకన్ బాబాయ్ పద్ధతే. రెండేళ్ళకోసారి. కళ్ళారా చూశాం కదా!"

"వద్దమ్మా," అన్నాడు ఎవర్ట్. "నేను మారుస్తాను. ఆర్నెల్లకోసారి తీసుకొచ్చెయ్."

"నీ నడుముకి డాక్టరేం చెప్పాడు? నీ కారు కింద దూరేది చాలు. నా కారు జోలికి రానని మాటివ్వు. ఒట్టు."

ఎవర్ట్ ఒట్టు వెయ్యలేదు. కారు ముందుభాగం మీద చెయ్యి వేసి నిమిరాడు. గోళ్ళ చివర నల్లటి గీత, ఎంత తోమినా పోనిది.

"సరేగానీ, ఈస్టర్‌కి నువ్వు ఊరెళ్తే నీ పూలకుండీలకి నేను నీళ్ళు పోస్తాలే," అన్నాడు మెల్లగా, "ఇంటి తాళాల గుత్తిలోనే కారు తాళం కూడా ఉంచెయ్, హోకన్ ఉంచేవాడే, అట్లా."