పాట కింది మాట

“ఆ పాటొక్కటి తీసేయండి అల్లుడుగారూ. వీడియో ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి.”

విపత్తుల శాఖ ఆఫీసులో, అందరూ పనులాపి చూస్తుండగా అడిగిందావిడ. అక్కడ సోషల్ మీడియా పని చూసే అల్లుడు గబుక్కున లేచి, గొంతు తగ్గించాడు.

“ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం అత్తయ్యా.”

“ఇంట్లో అడిగితే ఆఫీసులో చూస్తానన్నారుగా. అందుకే ఇక్కడికొచ్చాను.”

ఎదురుగా గోడ మీది తెరలో ఆ వీడియోనే తిరుగుతోంది. వరదలో పీకల్లోతున ఆవిడ కొడుకు. ఒంటి మీద వాలంటీర్ల నారింజరంగు చొక్కా. ఒక చెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు. కింద పెద్ద అక్షరాలు: ‘మునిగేవాళ్ల కోసం ప్రాణమిచ్చాడు. రమ్మని పిలుస్తున్నాడు. మీరూ చేరండి.’ వెనక చెవులు చిల్లులుపడే పాట. చచ్చినవాడి కళ్లు చారెడన్నట్టు, మొన్నటిదాకా వాణ్ణి పనికిమాలినవాడన్న నోళ్లే ఇప్పుడు వీరుడంటున్నాయి. అది చూసి కాలేజీ పిల్లలు వాలంటీర్లుగా చేరడానికి ఎగబడుతున్నారు. శాఖకింకేం కావాలి?

“ఆ పాటవల్లే కదత్తయ్యా పిల్లలు చూసేది.”

“వాడి పెదాలు కదులుతున్నాయి. ఏదో అంటున్నాడు. అమ్మా అన్నాడేమో. కన్నదాన్ని, ఆ చివరి మాట నేను వినొద్దా?”

“నీళ్ల హోరు తప్ప ఏం వినపడదు. అయినా మేం తీసింది కాదది. గట్టు మీంచి ఎవరో తీసి పంపారు.”

మాటలు విని, లోపలి గదిలోంచి అధికారి వచ్చాడు. సంగతి తెలుసుకుని అల్లుడి మీద చిరాకుపడ్డాడు.

“పాట కలిపింది మనమేగా? దాన్ని మ్యూట్ చేస్తే అడుగున అసలు శబ్దం ఉండదూ? కన్నతల్లి అడుగుతుంటే ఏంటయ్యా నీ బెట్టు?”

“అది కాదు సార్. పెద్దావిడ, తట్టుకోలేరు.”

“తట్టుకుంటాను,” అందావిడ.

అల్లుడు కంప్యూటర్ ముందు నుంచి కదల్లేదు. అధికారే అతన్ని పక్కకు జరిపి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

పాట ఆగిపోయింది. గదినిండా వరద హోరు. ఆవిడ స్పీకర్‌కి చెవి ఆనించి కళ్లు మూసుకుంది. ఒక్క మాట దొరికితే చాలు, దాన్నే తలుచుకుంటూ మిగిలిన రోజులు వెళ్లదీయొచ్చని ఆవిడ ఆశ.

దొరికింది. హోరులోంచి కొడుకు గొంతు స్పష్టంగా పలికింది.

“బావా, తీసింది చాలు. ఇక తాడు వెయ్యి.”