వెనక్కి నడిచే డీబగ్గర్

ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే డీబగ్గర్ కొత్త వెర్షన్ ఆ పొద్దునే వచ్చింది. మా మోంటెవిడియో ఆఫీసులో దాన్ని ముందుగా పరీక్షించే పని నాది.

ఉద్యోగం వదిలేసి పెట్టె సర్దుకున్న లీబెర్, ఆఖరిసారి సొరబుర్రలో మాతే టీ కలిపి తెచ్చాడు.

"ఇది ప్రోగ్రామును వెనక్కి కూడా నడిపిస్తుందటగా, ఇరుపే? ఆగిన చోటు నుంచి ఒక్కో అడుగూ వెనక్కెళ్లి తప్పెక్కడుందో చూపిస్తుందట. మార్చిలోనే ఉండుంటే, నేను చేసిన వెధవపని నా కళ్లతో చూసుకునేవాణ్ని."

మార్చిలో మా ప్రోగ్రాం ఆగిపోవడంతో ఆస్పత్రిలో మందెక్కించే మిషను నిలిచి, ఒక పాప చనిపోయింది. తప్పు తనదేనని లీబెర్ సంతకం పెట్టాడు.

"ఒట్టి నత్తనడక. మనకి పాతదే ఉంచమని రాసేశాను," అన్నాను.

"నీకేదీ నచ్చి చావదు కదా తల్లీ," అని నవ్వి బుర్ర అందించాడు.

తాగి తిరిగిచ్చి, థాంక్స్ చెప్పాను. మాతే దగ్గర ఆ మాటంటే ఇక చాలని. అన్నవాళ్లకి మళ్లీ పోయరు.

"అప్పుడేనా? రోజూ ఐదు తాగుతావుగా!"

అతను వెళ్లాక తెర మళ్లీ వెలిగించాను. మార్చి నాటి ప్రోగ్రాం, పొద్దున నలభై ఒక్క అడుగులు వెనక్కి నడిచి, తప్పు దొరికిన లైను దగ్గరే ఆగి ఉంది. పక్కన, ఆ లైను రాసినవాళ్ల పేరుండే చోట, నా పేరే, ఇరుపే అని ఉంది.